సైగల రాతకు సాఫ్ట్‌వేర్: 1974 నుంచి నడుస్తున్న కథ

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో ఇద్దరు బధిర కుర్రాళ్లు కలిస్తే చేతులతో ఎన్ని కబుర్లయినా చెప్పుకుంటారు. దూరాన ఉంటే వీడియో కాల్. అదే మాటను రాసి పంపాలంటే తెలుగులోకో ఇంగ్లీషులోకో మార్చుకోవాల్సిందే. సైగల భాషకు లిపి లేకనా అంటే, ఉంది.

అమెరికాకు చెందిన వాలెరీ సటన్ మొదట నాట్యాన్ని కాగితం మీద పెట్టే గుర్తులు తయారుచేసింది. అవి చూసి కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1974లో సైగల్ని కూడా ఇలా రాయగలరా అని అడిగారు. సైన్‌రైటింగ్ అలా మొదలైంది. ముఖానికి సున్నా, కదలికకు బాణం, తాకితే నక్షత్రం గుర్తు. అరచేయి కనబడితే తెలుపు, చేతి వెనకవైపైతే నలుపు. 1986లో రిచర్డ్ గ్లీవ్స్ ఆపిల్ కంప్యూటర్‌లో దీన్ని టైపు చేసే ప్రోగ్రాం రాశాడు.

చిక్కంతా చోటుతోనే. మన 'స్త్రీ'లో ఒత్తులు కిందికి, గుడిదీర్ఘం పైకి వెళ్లాలని ఫాంటుకు ముందే తెలుసు; మనం వరసగా కొట్టుకుపోతాం. సైగకు ఆ వెసులుబాటు లేదు. అమెరికన్ సైగల భాషలో అదే చేయి నుదుటి దగ్గరైతే నాన్న, గడ్డం దగ్గరైతే అమ్మ. ఎక్కడ పెట్టాలో రాసేవాళ్లే చెప్పాలి. పైగా రాత నిలువు వరసల్లో పైనుంచి కిందికి సాగుతుంది. ఇక వెతకడమంటారా, గుర్తు వెంట్రుకవాసి జరిగితే అది అదే మాటా, వేరే మాటా? మామూలు వర్డ్ ప్రాసెసర్‌కి ఈ ప్రశ్నే రాదు.

ప్రపంచ లిపుల అక్షరాలకు కంప్యూటర్లో నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్. 2015లో దాని 8.0 వెర్షన్ ఈ లిపికి 672 గుర్తులిచ్చింది. గుర్తులకు నంబర్లొచ్చాయిగానీ, వాటిని పేర్చే పని ఆ ప్రమాణం తలకెత్తుకోలేదు. అందుకే సైన్‌రైటింగ్‌కి సాఫ్ట్‌వేర్ రాసే స్టీవ్ స్లెవిన్‌స్కీ ప్రతి గుర్తు వెంటా అడ్డం కొలత, నిలువు కొలత అంకెల్లో రాసే పద్ధతి కట్టాడు.

లిపి కోసం పడే పాట్లు ఈ జిల్లాకి కొత్త కాదు. ఇక్కడి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల మాట రాతకెక్కించాలని కొండలన్నీ తిరిగారు. మలేరియాకి మింగిన క్వినైన్ ఆయనకి చెవుడు తెచ్చిందంటారు. సవరకి సొంతంగా సోరంగ్ సోంపెంగ్ లిపిని 1936లో మంగేయి గొమాంగో తయారుచేస్తే, యూనికోడ్‌లోకి 2012లో చేరింది. అంటే 76 ఏళ్లు. ఆ అక్షరాలైతే ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా నిలబడేవే.