పచ్చ బీరువా తాళంచెవి

చిరంజీవులైన పిల్లలందరికీ పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీలో చిన్నది అడిగింది, "పెద్దమ్మా, ఈసారి సెలవులకు వస్తే ఆ పచ్చ బీరువా తెరుస్తావా?" అని. "చూద్దాంలే" అన్నాను. ఫోన్ పెట్టేశాక మనసు చివుక్కుమంది. ఆ "చూద్దాంలే" మీ అమ్మలకీ నాన్నలకీ కూడా ఏళ్ల తరబడి చెప్పిన మాటే. అందుకే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈసారి తెరుస్తాను. అందులో ఏముందో, దేన్ని ఎలా చూడాలో మీకు ముందే తెలిస్తే మంచిది.

బీరువాలో మూడు అరలున్నాయి. పై అర నాది, అందులో అన్నీ బ్రిటిష్ కామెడీలు. మధ్య అర మీ పెదనాన్నగారి సినిమాలు. కింది అరలో మీ అన్నయ్య ఉద్యోగానికి వెళ్తూ వదిలేసిన గేములు ఉన్నాయి.

కాకినాడలో ఉండే పెద్దమ్మకి ఇంగ్లండు వాళ్ల హాస్యంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. తొంభైల మొదట్లో నాకు హైదరాబాద్‌లో ప్రభుత్వ ఉద్యోగం. సచివాలయం రోడ్డులో బ్రిటిష్ లైబ్రరీ ఉండేది. ఇంగ్లీషు మెరుగుపడుతుందని మెంబర్‌గా చేరాను. పుస్తకాలతో పాటు వీడియో క్యాసెట్లూ ఇచ్చేవాళ్లు. అలా ఇంటికి వచ్చిన మొదటి క్యాసెట్ 'యెస్ మినిస్టర్'. 1980లో బీబీసీలో మొదలైన సీరియల్ అది. ఆంటొనీ జే, జొనాథన్ లిన్ రాశారు. కొత్తగా మంత్రి అయిన జిమ్ హ్యాకర్ ఏదో ఒక మంచి పని చేద్దామనుకుంటాడు. ఆయన శాఖ కార్యదర్శి సర్ హంఫ్రీ సూటిగా "కుదరదు" అనడు. మంత్రి చెప్పింది నచ్చకపోతే, "చాలా ధైర్యమైన నిర్ణయం సార్" అంటాడు. ఆ మాట వినగానే మంత్రి ముఖం పాలిపోతుంది. ఎందుకంటే వాళ్ల భాషలో "వివాదాస్పదం" అంటే కొన్ని ఓట్లు పోతాయని అర్థం, "ధైర్యమైన నిర్ణయం" అంటే ఎన్నికలే పోతాయని.

ఒక ఎపిసోడ్‌లో కొత్తగా కట్టిన ఆసుపత్రి ఒకటి ఉంటుంది. సిబ్బంది ఐదు వందల మంది. రోగి ఒక్కడూ లేడు. అయినా అందరూ తీరిక లేకుండా పనిచేస్తుంటారు. పైగా దేశంలో బాగా నడుస్తున్న ఆసుపత్రుల్లో అదొకటని మంత్రికి చెబుతారు. మొదటిసారి చూసినప్పుడు కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. మర్నాడు ఆఫీసుకి వెళ్లాక ఆ నవ్వు ఆగిపోయింది. "పరిశీలనలో ఉంది" అని నేనే ఎన్ని అర్జీల మీద రాశానో గుర్తొచ్చింది. ఆ సీరియల్‌లో ఆ మాటకు అర్థం ఫైలు పోయిందని. "చురుగ్గా పరిశీలనలో ఉంది" అంటే ఫైలు వెతుకుతున్నామని. ఆ తర్వాత అర్జీ పట్టుకుని వచ్చిన మనిషిని కూర్చోబెట్టి, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో కనుక్కుని చెప్పడం అలవాటు చేసుకున్నాను. నా సర్వీసులో ఏ ట్రెయినింగూ నాకు అంత పని చెయ్యలేదు. అందుకే ఈ సీరియల్ మీ అందరికన్నా పెద్దవాడికి, డిగ్రీ చదువుతున్నవాడికి ముందు ఇస్తాను. చిన్నవాళ్లకి ఆ పొడుగాటి వాక్యాలు విసుగు పుట్టిస్తాయి.

చిన్నవాళ్లు 'మిస్టర్ బీన్'తో మొదలుపెట్టండి. అందులో భాషతో అవసరమే లేదు కాబట్టి నేను వివరించేదీ లేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆ వేషం వేసిన రోవన్ అట్కిన్సన్ చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. ఆయన ఒక్కో పని ఎంత లెక్కగా చేస్తాడో గమనించండి.

తర్వాత 'ఫాల్టీ టవర్స్'. అది మొత్తం పన్నెండు ఎపిసోడ్లే. 1975లో ఆరు, 1979లో ఆరు. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాశారు, ఇద్దరూ నటించారు కూడా. 1970లో క్లీజ్ తన హాస్య బృందంతో టార్కీ అనే సముద్రతీర పట్టణంలో ఒక హోటల్‌లో దిగాడు. ఆ యజమాని అతిథులతో ప్రవర్తించే తీరు చూసి మిగతావాళ్లు వేరే హోటల్‌కి వెళ్లిపోయారు. క్లీజ్ మాత్రం ఉండిపోయి ఆ మనిషిని గమనించాడు. ఈ సీరియల్‌లో బేసిల్ ఫాల్టీ అనే హోటల్ యజమాని పాత్ర అలాగే పుట్టింది.

ఈ కామెడీ పట్టుబడాలంటే ఒక సూత్రం తెలియాలి. మన సినిమాల్లో హాస్యం కోసం తరచూ ఒక మనిషి ప్రత్యేకంగా ఉంటాడు. అతను వస్తాడు, నవ్విస్తాడు, వెళ్తాడు, కథ మళ్లీ మొదలవుతుంది. ఇక్కడ కథే హాస్యం. బేసిల్ పరువు కోసం ఒక చిన్న అబద్ధం ఆడతాడు. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకోటి, దానికోసం మరోటి. హోటళ్లను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు ఊళ్లో తిరుగుతున్నారని తెలిసిన రోజున, పట్టింపులెక్కువున్న ఒక అతిథినే ఇన్‌స్పెక్టర్ అనుకుని రాచమర్యాదలు చేస్తాడు. తీరా ఆయన చెంచాలు అమ్ముకునే మనిషి. అది తెలిశాక బేసిల్ కసి తీర్చుకుంటున్న సమయానికే అసలు ఇన్‌స్పెక్టర్లు లోపలికి వస్తారు. మొదటి పది నిమిషాల్లో పెద్దగా నవ్వు రాకపోతే కంగారు పడి ఆపెయ్యకండి. గాలిపటానికి దారం వదులుతున్నట్టు అప్పటిదాకా సరంజామా అంతా సిద్ధం చేస్తున్నారన్నమాట. సెల్‌ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చూస్తే ఇది అర్థం కాదు. అరగంట కదలకుండా కూర్చోవాలి.

ఇందులో మాన్యుయెల్ అనే సర్వర్ ఉంటాడు. స్పెయిన్ నుంచి వచ్చినవాడు, ఇంగ్లీషు సరిగ్గా రాదు. బేసిల్ అతన్ని కొడుతుంటాడు. అక్కడ మీరు నవ్వుతారు, నేనూ నవ్వాను. కానీ ఒక సంగతి తెలుసుకోండి. స్పెయిన్‌లో ఈ సీరియల్‌ని డబ్ చేసినప్పుడు మాన్యుయెల్‌ని ఇటలీవాడిగా మార్చేశారు. ఎవరికైనా తమ మీద పడే నవ్వు వేరేగా వినిపిస్తుంది. ఆ వేషం వేసిన ఆండ్రూ సాక్స్ స్వయంగా బెర్లిన్‌లో పుట్టి, నాజీల భయానికి చిన్నతనంలోనే 1938లో ఇంగ్లండు చేరిన కుటుంబంలోవాడు.

మన మీద వేసిన జోకులున్న క్యాసెట్లూ నా అరలో ఉన్నాయి. 'మైండ్ యువర్ లాంగ్వేజ్' 1977లో వచ్చింది. ఇంగ్లీషు నేర్చుకునే వయోజనుల తరగతిలో ఒక్కో దేశానికి ఒక్కో బొమ్మలాంటి పాత్రని పెట్టారు. మన దేశం నుంచి వచ్చిన జమీలా కూడా అక్కడ ఉంటుంది. కొన్ని చోట్ల నిజంగా నవ్వొస్తుంది, కొన్ని చోట్ల నాకు కోపం వస్తుంది. దాన్ని దాచిపెట్టను, కానీ మీరు ఒంటరిగా చూడొద్దు. దాని వెంటనే 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' చూపిస్తాను. 1998లో టీవీకి వచ్చిన ఆ కార్యక్రమాన్ని బ్రిటన్‌లో పెరిగిన మన ఉపఖండం పిల్లలే చేశారు. లండన్ కుర్రాళ్లు తాగి ఇండియన్ రెస్టారెంటుకి వెళ్లి "అన్నిటికన్నా కారమైనది తే" అని గోల చేస్తుంటారు కదా. దాన్ని వీళ్లు తిరగేశారు. బాంబేలో కొందరు ఒక ఇంగ్లీషు రెస్టారెంటుకి వెళ్లి, "అన్నిటికన్నా చప్పగా ఉండేది తే" అని గోల చేస్తారు. అది చూసిన రోజు నాకు కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు.

ఇప్పుడు నేను ఈ బీరువాని ఎందుకు మూసేశానో చెప్పాలి.

'డాడ్స్ ఆర్మీ' అనే సీరియల్ ఉంది. 1968 నుంచి 1977 దాకా ఎనభై ఎపిసోడ్లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి పనికిరాని వయసువాళ్లు ఊరు కాపాడటానికి హోమ్ గార్డుగా ఏర్పడతారు. రాసిన ఇద్దరిలో ఒకరైన జిమ్మీ పెర్రీ కుర్రతనంలో స్వయంగా ఆ హోమ్ గార్డులో పనిచేశాడు. ఒక ఎపిసోడ్‌లో వాళ్లకి జర్మన్ నావికులు బందీలుగా దొరుకుతారు. తనని అవమానించిన వాళ్లందరి పేర్లూ జర్మన్ కెప్టెన్ రాసుకుంటుంటాడు, యుద్ధం గెలిచాక లెక్క తేలుస్తానని. పైక్ అనే కుర్రాడు హిట్లర్ మీద పాట పాడతాడు. "నీ పేరేంటి?" అంటాడు జర్మన్. వెంటనే హోమ్ గార్డు కెప్టెన్ గట్టిగా, "చెప్పకు, పైక్!" అంటాడు. ఒక్క మాట. ఆ దేశంలో ఇప్పటికీ తలుచుకుని నవ్వుకుంటారు.

అంత ఇష్టమైన సీరియల్‌లో కూడా మూడు ఎపిసోడ్లు ఇవాళ లేవు. అప్పట్లో వీడియో టేపు చాలా ఖరీదు, అందుకని బీబీసీ ప్రసారమైనవాటిని చెరిపేసి అదే టేపు మీద ఇంకో కార్యక్రమం రికార్డు చేసేది. అలా ఎన్నో పోయాయి. ఈ సీరియల్‌వే ఇంకో రెండు ఎపిసోడ్లు కూడా పోయాయనే అనుకున్నారు. చెత్తకుప్పలో పారేసిన ఫిల్మ్ డబ్బాలను ఎవరో ఏరి ఇంట్లో దాచడం వల్ల అవి 2001లో మళ్లీ దొరికాయి. మన దగ్గర పోయినవి ఇంకా ఎక్కువ. మన దేశపు మొదటి టాకీ 'ఆలమ్ ఆరా', 1931 నాటిది, ఒక్క ప్రింటు కూడా మిగల్లేదు. మన తెలుగువాళ్లు రఘుపతి వెంకయ్య, ప్రకాశ్ 1921లో తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' కూడా అంతే.

ఇవన్నీ చదివాక నాకు భయం పట్టుకుంది. పైగా ఆ రోజుల్లోనే, మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ కూతురు 'డాడ్స్ ఆర్మీ' క్యాసెట్ తీసుకెళ్లింది. ట్రాన్స్‌ఫర్ మీద వాళ్లు ఊరు మారారు, క్యాసెట్ రాలేదు. ఆ రోజు బీరువాకి తాళం వేశాను. ఎవరడిగినా "చూద్దాంలే" అన్నాను. పదిహేనేళ్లు అలాగే గడిచాయి.

కిందటి ఏడాది సర్దుదామని తెరిచాను. సముద్రపు గాలి, వానాకాలపు చెమ్మ. సగం క్యాసెట్ల రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. నేలమీద కూర్చుని ఏడ్చాను, మీ పెదనాన్నగారు పక్కనే ఉన్నారు. నెల తిరక్కుండానే ఆ అమ్మాయి ఎలాగో నా నంబరు సంపాదించి ఫోన్ చేసింది. తర్వాత ఇంటికే వచ్చింది, తన పిల్లలతో. చేతిలో నా క్యాసెట్. వాళ్లింట్లో ఏటా నాలుగైదుసార్లు వేసుకుని చూశారట. రీలు శుభ్రంగా ఉంది. బొమ్మ కొంచెం వణుకుతోంది, అంతే. నా దగ్గర భద్రంగా దాచినవి పోయాయి, పోయిందనుకున్నది బతికింది.

పాడైనవాటిలో చాలావాటికి డిస్కులు కొన్నాను. కొన్ని లండన్ నుంచి మీ బాబాయి పంపాడు. వాటి మీద 2 అనే అంకె ఉంటుంది, అది బ్రిటన్ ప్రాంతం గుర్తు. మన దేశానిది 5. అవి మన మామూలు ప్లేయర్‌లో ఆడవు. అన్ని ప్రాంతాలవీ ఆడే ప్లేయర్ ఒకటి హాల్లో పెట్టాను, దానిలోనే వెయ్యండి. డిస్కు అంచులు పట్టుకోండి. తుడవాలంటే మధ్యలోంచి బయటికి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పి కాదు. బూజు పట్టిన క్యాసెట్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వీసీఆర్‌లో పెట్టొద్దు. ఆ బూజు వీసీఆర్‌కి అంటుకుని, తర్వాత వేసిన మంచి క్యాసెట్‌కీ పాకుతుంది.

పెదనాన్నగారి అరలోంచి ఈసారికి ఒక్కటే, 'ది లేడీకిల్లర్స్', 1955ది. ఐదుగురు దొంగలు సంగీత విద్వాంసులమని చెప్పి ఒంటరి ముసలమ్మ ఇంట్లో గది అద్దెకి తీసుకుంటారు. సాధన చేస్తున్నట్టు గ్రామఫోన్ పెట్టి లోపల దోపిడీకి పథకం వేస్తుంటారు. ఆవిడ పాపం టీ తీసుకొచ్చి తలుపు కొడుతూనే ఉంటుంది. పేదరాశి పెద్దమ్మ కథ విన్నట్టే ఉంటుంది. మిగతావాటి గురించి ఆయనే చెబుతారు, ఆయన నోట వింటేనే బాగుంటుంది.

గేముల సంగతి. 'లెమ్మింగ్స్' స్కాట్లండ్‌లోని డండీలో తయారై 1991లో వచ్చింది. పచ్చ జుట్టున్న చిట్టి జీవాలు ముందుకి నడుస్తూనే ఉంటాయి, గోతిలో పడిపోతున్నా ఆగవు. ఒకదానికి తవ్వే పని, ఒకదానికి మెట్లు కట్టే పని, ఇంకోదానికి అడ్డంగా నిలబడే పని అప్పగించి మిగతావాటిని గుమ్మం దాకా చేర్చాలి. దీన్ని ఇద్దరిద్దరు కూర్చుని ఆడండి. ఒకరు మౌసు పట్టుకుంటే, రెండోవాళ్లు ముందు రాబోయే గొయ్యి చూస్తుండాలి. మీ అన్నయ్యా నేనూ అలాగే ఆడేవాళ్లం. వాడు టెన్త్ పరీక్షల టెన్షన్‌లో ఎవరితోనూ మాట్లాడని రోజుల్లో నాతో మాట్లాడింది ఆ అరగంటే. పాత ఫ్లాపీలు చదవడం మానేశాయి కానీ, డాస్‌బాక్స్ అనే ప్రోగ్రామ్‌లో ఇలాంటి పాత గేములు నడుస్తాయి. వాడు లాప్‌టాప్‌లో పెట్టి ఇచ్చాడు.

'బినీత్ ఎ స్టీల్ స్కై' అని ఇంకోటి ఉంది, 1994ది. ఇంగ్లండు వాళ్ల మాటల చమత్కారం గేములో ఎలా ఇముడుతుందో చూడాలంటే అదే చూడాలి. హీరో వెంట తిరిగే జోయీ అనే రోబోకి మహా నోరు. 2003లో చేసినవాళ్లే దాన్ని ఉచితంగా ఇచ్చేశారు కాబట్టి దాన్ని మీ స్నేహితులందరికీ కాపీ చేసి ఇవ్వండి. మిగతావి అలా కాదు. వాటిని కాపీలు తీయొద్దు, డిస్కే అరువివ్వండి. రాసినవాళ్ల కష్టం అది.

అరువివ్వడానికి ఒక నోటుబుక్ పెట్టాను. తీసుకెళ్లినవాళ్ల పేరు, తేదీ, పక్కన ఏం నచ్చిందో ఒక ముక్క. మొదటి పేజీలో ఆ అమ్మాయి పేరు రాశాను, మళ్లీ ఇంకో రెండు డిస్కులు తీసుకెళ్లింది.

వచ్చేటప్పుడు స్వెట్టర్లవీ తేకండి, ఇక్కడ ఉక్కపోత. నేను గుడికి వెళ్లిన టైములో దిగితే నాకోసం కాచుకోనక్కర్లేదు. తాళంచెవి దేవుడి గూడు పక్కన మేకుకి తగిలించి ఉంటుంది.

మీ
పెద్దమ్మ