గ్రెయిన్‌ఫ్రీ బనానా బ్రెడ్: అపోహలు, వాస్తవాలు

ఇంట్లో బేకింగ్ నేర్పేటప్పుడూ ఆర్డర్లు తీసుకునేటప్పుడూ గ్రెయిన్‌ఫ్రీ, అంటే ధాన్యం లేని బనానా బ్రెడ్ గురించి నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఇందులో మైదా, గోధుమపిండి లేవు కదా, షుగర్ ఉన్నవాళ్లు ఎంత తిన్నా ఫరవాలేదా?" ఫరవాలేదని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు ఎన్నిసార్లు ఖండించినా ఆగడం లేదు.

అపోహ: ధాన్యం లేదంటే చక్కెర లేనట్టే.

ధాన్యాన్ని తీసేసినంత మాత్రాన అరటిపండులోని చక్కెర ఎక్కడికీ పోదు. నేను చేసే లోఫ్‌లో (ఒక పూర్తి బ్రెడ్‌లో) 300 గ్రాముల అరటిపండు గుజ్జు, 250 గ్రాముల బాదం పిండి, మూడు గుడ్లు, మూడు టేబుల్ స్పూన్ల తేనె పడతాయి. పిండిపదార్థాలు గుజ్జు నుంచి సుమారు 70 గ్రాములు, తేనె నుంచి 50, బాదం పిండి నుంచి మరో 50 వస్తాయి. పది ముక్కలు కోస్తే ముక్కకు 17 గ్రాములు. మూడు ముక్కలు తిన్నవారికి పీచు పోగా 40 గ్రాములు అందుతాయి, అంటే దాదాపు ఒక కప్పు అన్నంలో ఉన్నంత. బాదంలోని కొవ్వు, పీచు వల్ల రక్తంలో చక్కెర మైదా కేకు తిన్నప్పటికంటే నెమ్మదిగా పెరుగుతుందన్నది నిజమే. అసలు పెరగదన్నది అబద్ధం.

నా తరగతికి వచ్చే ఒక అమ్మాయి తన తల్లి కోసం ఎంతో ప్రేమగా ఈ లోఫ్ చేసింది. ఆవిడ రాత్రి భోజనం మానేసి సగం లోఫ్ తినడమే కాక, "ధాన్యం ముట్టలేదు కదా" అని షుగర్ మాత్ర కూడా వేసుకోలేదు. తెల్లవారాక గ్లూకోమీటర్ చూసి ఆ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. తప్పు ఆమెది కాదు, ఆ మాట ప్రచారం చేసినవారిది. మాత్రలైనా ఇన్సులిన్ అయినా డాక్టరు చెప్పకుండా మానడం, తగ్గించడం ప్రమాదకరం. అలాగని భయపడి బనానా బ్రెడ్‌ను పూర్తిగా మానేయాల్సిన పనీ లేదు. బాగా మగ్గిన పండ్లు వాడితే పిండిపదార్థం చక్కెరగా మారి ఉంటుంది కనుక తేనె లేకుండానే తీపి సరిపోతుంది, ముక్కకు 5 గ్రాములు తగ్గుతాయి. ఒక ముక్కను సాయంత్రం టిఫిన్‌కు అదనంగా కాక, దాని బదులుగా తిని, రెండు గంటల తరువాత షుగర్ చూసుకోండి. తేనెకు బదులు బెల్లమో ఖర్జూరమో వేసినా లెక్క పెద్దగా మారదు.

అపోహ: గ్లూటెన్‌ఫ్రీ, గ్రెయిన్‌ఫ్రీ ఒకటే.

జొన్న, రాగి, బియ్యం ధాన్యాలే, వాటిలో గ్లూటెన్, అంటే గోధుమ వంటివాటిలో ఉండి పిండిని పట్టి ఉంచే ప్రోటీన్, లేదు. సీలియాక్ (గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవారు గోధుమ, బార్లీ, రై మానాలి గానీ జొన్నరొట్టె మానక్కరలేదు. వారికి వండేటప్పుడు అలవాటు కొద్దీ టిన్నుకు మైదా చల్లకండి; బటర్ పేపర్ వేయండి. ధాన్యం అసలే వద్దనుకునేవారు బేకింగ్ పౌడర్‌ను కూడా గమనించాలి, ఎందుకంటే చాలా వాటిలో మొక్కజొన్న పిండి కలుస్తుంది. దాని బదులు ముప్పావు టీస్పూన్ వంట సోడా, ఒక టేబుల్ స్పూన్ నిమ్మరసం చాలు.

అపోహ: కప్పు మైదాకు కప్పు బాదం పిండి వేస్తే సరిపోతుంది.

సరిపోదు, ఖరీదైన పిండి వృథా అవుతుంది. పట్టి ఉంచడానికి గ్లూటెన్ లేదు కనుక గుడ్లు తగ్గించకూడదు. కొబ్బరి పిండి తేమను విపరీతంగా పీల్చుకుంటుంది కాబట్టి దాన్ని బాదం పిండికి సమానంగా వాడకూడదు. పండ్లను లెక్కపెట్టకుండా తూకం వేయండి. కర్పూర అరటికీ అమృతపాణికీ పరిమాణంలో చాలా తేడా ఉంటుంది. ఓవెన్ 165 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు గంట పడుతుంది. బాదం త్వరగా రంగు మారుతుంది కనుక సగం సమయం దాటాక పైన ఫాయిల్ కప్పండి, పూర్తిగా చల్లారాకే కోయండి. తేమ ఎక్కువ ఉండే ఈ బ్రెడ్ మన ఎండలకు బయట ఒక రోజుకు మించి నిలవదు కాబట్టి, ముక్కలను విడివిడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టి, తినేటప్పుడు ఒక్కటే తీసి వేడి చేసుకోండి.