యురేనియం ఎంత, ఏ రూపంలో: గోదావరి డెల్టా నుంచి చూస్తే

తాగునీటి పరీక్ష నివేదికలో యురేనియానికి ఎదురుగా ఒకే అంకె ఉంటుంది: లీటరుకు ఇన్ని మైక్రోగ్రాములని. ఆ లోహం నీటిలో వేటితో జతకట్టి ఉందో, మనిషి రక్తంలోకో వరి వేరులోకో చేరాక ఏ రూపానికి మారుతుందో ఆ అంకెను బట్టి తెలియదు. అది చేసే హాని మాత్రం చాలావరకు ఆ రూపాన్ని బట్టే ఉంటుంది.

జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్ 1789లో గుర్తించిన ఈ మూలకం విషపూరితమని 1824లోనే మరో జర్మన్ శాస్త్రవేత్త గ్మెలిన్ జంతువులపై పరీక్షించి చెప్పాడు. అయినా పంతొమ్మిదో శతాబ్దం చివర్లో కొందరు వైద్యులు యురేనియం నైట్రేట్‌ను మధుమేహానికి మందుగా ఇచ్చారు. ప్రయోగశాలల్లో జంతువుల మూత్రపిండాలను కావాలని దెబ్బతీయడానికి వాడిన లవణం కూడా అదే కావడం విడ్డూరం. క్రమబద్ధమైన పరిశోధన రెండో ప్రపంచ యుద్ధకాలంలో, అణుబాంబు పథకంలో భాగంగా అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సాగింది. దాని ఫలితాలు 1949 నుంచి వెలువడ్డాయి. నీటిలో కరిగే సమ్మేళనాలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయని, కరగని ఆక్సైడ్లు పీలిస్తే ఊపిరితిత్తుల్లో చాలాకాలం నిలిచిపోతాయని, సహజ యురేనియం విషయంలో రేడియోధార్మికత కంటే రసాయన విషప్రభావమే ముందుగా పట్టించుకోవలసిందని అప్పుడు స్థిరపడింది.

ఆ హాని జరిగే తీరును తర్వాతి దశాబ్దాలు విడమరచి చెప్పాయి. ఆహారం, నీటి ద్వారా లోపలికి వెళ్లిన యురేనియంలో సుమారు ఒకటి రెండు శాతమే పేగుల నుంచి రక్తంలోకి చేరుతుంది. అక్కడ అది రెండు ఆక్సిజన్ పరమాణువులతో కూడిన యురానిల్ అయాన్‌గా ఉండి, కొంత బైకార్బనేట్‌తోనూ, కొంత ట్రాన్స్‌ఫెరిన్ వంటి ప్రోటీన్లతోనూ కలుస్తుంది. బైకార్బనేట్‌తో కలిసిన భాగం మూత్రపిండంలో సులువుగా వడపోతకు గురవుతుంది. కానీ నాళికల్లో ద్రవం ఆమ్లగుణానికి తిరిగితే ఆ బంధం విడిపోయి, బయటపడిన యురానిల్ నాళికల గోడలకు అంటుకుంటుంది. యురేనియం ఎక్కువగా సోకిన వారికి సోడియం బైకార్బనేట్ ఇవ్వడం వెనుక ఉన్న తర్కం ఇదే. మిగిలిన దానిలో కొంత ఎముకల ఉపరితలంపై కాల్షియం స్థానంలో కూర్చుంటుంది. రక్తంలోని ఫెటుయిన్-ఎ అనే ప్రోటీన్ యురానిల్‌ను ఎంతో గట్టిగా పట్టుకుంటుందని ఫ్రాన్స్ పరిశోధకులు 2013లో చూపారు.

ఇలాంటి రూపాలను విడదీసి చూడటం సులువు కాదు. పరమాణువుల బరువును బట్టి మూలకాలను లెక్కించే మాస్ స్పెక్ట్రోమీటర్ మొత్తం లెక్క ఇస్తుంది. మిశ్రమంలోని పదార్థాలను వేరుచేసే క్రొమటోగ్రఫీని దానికి జోడిస్తే ఏ ప్రోటీన్‌తో వచ్చిందో కొంత తెలుస్తుంది, కాకపోతే వేరుచేసే క్రమంలోనే బలహీనమైన బంధాలు తెగిపోవచ్చు. యురానిల్ అతినీలలోహిత కాంతిలో ఆకుపచ్చగా మెరిసే గుణాన్ని లేజర్ వర్ణపట పద్ధతి వాడుకుంటుంది. 1990లలో జర్మనీ శాస్త్రవేత్తలు పాత గనుల నుంచి ఊరిన నీటిలో కాల్షియం, యురానిల్, కార్బనేట్ కలిసిన, విద్యుదావేశం లేని సంయోగాన్ని గుర్తించింది ఈ పద్ధతితోనే. జీవకణాలు ఈ రూపాన్ని అంత తేలిగ్గా గ్రహించవని ఆ తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

ప్రమాణాలు మాత్రం మొత్తాన్నే చూస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో లీటరుకు 2 మైక్రోగ్రాములుగా పెట్టిన తాత్కాలిక పరిమితి 2004లో 15కు, 2011లో 30కి పెరిగింది. మన అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి 60.

తెలుగునాట యురేనియం అంటే తుమ్మలపల్లె గుర్తుకొస్తుంది. గోదావరి డెల్టాలో గనులు లేవు. ఇక్కడ చూడవలసిన దారులు వేరు. డీఏపీకి ముడిసరుకైన రాక్ ఫాస్ఫేట్‌లో సహజంగానే యురేనియం ఉంటుంది. ఆమ్లంతో దాన్ని కరిగించినప్పుడు అందులో ఎక్కువ భాగం ఫాస్ఫారిక్ ఆమ్లంలోకి, అక్కడి నుంచి ఎరువులోకి వెళుతుంది. సార్వా, దాళ్వాల్లో నీరు నిలిచిన చేలో ఆక్సిజన్ తరిగిపోతే, ఇనుమును క్షయీకరించే (దానికి ఎలక్ట్రాన్లు అందించే) బ్యాక్టీరియా కరిగే యురేనియంను కరగని రూపానికి మార్చగలవు; వీటిలో ఒక రకానికి ఈ శక్తి ఉందని 1991లోనే రుజువైంది. వేసవిలో కాలువలు కట్టేసి నేల నెర్రెలు విచ్చినప్పుడు గాలి తగిలి ఆ మార్పు వెనక్కి తిరిగే అవకాశం ఉంది. మొక్కల్లోనూ రూపానిదే నిర్ణయం: గోధుమ, పొద్దుతిరుగుడు వంటి పంటలపై చేసిన ప్రయోగాల్లో ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలోని యురేనియం వేర్ల వద్దే ఆగిపోగా, కార్బనేట్ ఉన్నప్పుడు ఆకుల దాకా పాకింది. అందువల్ల చేలో ఎంత యురేనియం ఉందన్న ప్రశ్నకు జవాబు దొరికినా, గింజకు ఎంత చేరుతుందన్నది ఇంకా మిగిలే ఉంటుంది.

ఈ లెక్కకు కావలసిన సమాచారంలో కొంత డెల్టాలో ఇప్పటికే పోగవుతోంది. భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబుల్లో రొయ్యల, చేపల చెరువుల నీటికి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), ఆల్కలినిటీ (ముఖ్యంగా బైకార్బనేట్, కార్బనేట్‌ల మోతాదు), హార్డ్‌నెస్ (కాల్షియం, మెగ్నీషియంల మోతాదు) నిత్యం పరీక్షిస్తారు. యురానిల్ వేటితో జతకడుతుందో కంప్యూటర్‌తో గణించడానికి మొదట కావలసినవి ఇవే. బోరు నీటికి కూడా ఈ మూడింటినీ చూసి, వీటికి తోడు ఫాస్ఫేట్‌ను, లేజర్ కాంతి పడినప్పుడు వచ్చే మెరుపును కొలిచే లేజర్ ఫ్లోరిమీటర్‌తో మొత్తం యురేనియంను కొలిస్తే, ఏ రూపం ఏపాటి ఉండవచ్చో ప్రాథమిక అంచనా వేయవచ్చు.