మనోడే కదా, మోసం చేస్తాడా? గొలుసుకట్టు స్కీముల మీద అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి వెళ్ళిన నెలా రెండు నెలల్లో నా దగ్గరికి ఈ రకం క్లయింట్లు ఎక్కువ వస్తారు. పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన బావమరిదో, పక్కవీధి కుర్రాడో, డ్వాక్రా సంఘంలో అక్కో "చిన్న బిజినెస్ ఉంది" అని చేర్పించి ఉంటారు. నేను విజయనగరంలో లాయర్ని. చీపురుపల్లి నుంచి వచ్చినవాళ్ళయినా, రాజాం నుంచి వచ్చినవాళ్ళయినా మొదటి మాట ఒకటే: "మనోడే కదండీ, మోసం చేస్తాడనుకోలేదు."

అపోహ: తెలిసినవాడు చేర్పిస్తే అది మోసం కాదు.

వాస్తవం: మావాళ్ళ కొంప ముంచుతున్నది ఈ ఒక్క నమ్మకమే. గొలుసుకట్టు స్కీమంటే ఏదో సరుకు పేరుతో డబ్బు కట్టించుకుని, కింద మరికొందర్ని చేర్పిస్తేనే డబ్బులొస్తాయనేది. అది పెట్టినవాడు ఇంటింటికీ తిరగడు. ఆ పని మీ పెదనాన్న కొడుకు చేస్తాడు. అతను అబద్ధం చెప్పట్లేదు. తనూ డబ్బు కట్టాడు, నిజంగానే నమ్మాడు. కట్టింది వెనక్కి రావాలంటే కింద ఇద్దరు పడాలి, నెలాఖరు దగ్గరపడుతోంది. అంతే. కాబట్టి మనిషి మంచివాడా చెడ్డవాడా అని తేల్చుకుని లాభం లేదు. మంచివాడే. డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే అడగాలి.

పిలిచే తీరు చూస్తేనే సగం తెలిసిపోతుంది. "ఫోన్లో చెప్పేది కాదు బావా, ఆదివారం ఒక్క గంట రా, మా సార్‌ని కలుద్దువు గాని" అంటారు. కంపెనీ పేరు అడిగితే దాటేస్తారు. తీరా వెళ్తే లాడ్జి పై అంతస్తులో మీటింగు. సరుకు గురించి పది నిమిషాలు, కార్లు, విదేశీ టూర్ల గురించి రెండు గంటలు. ఈ రోజు కడితేనే ఈ ప్యాకేజీ రేటు. "ఇంట్లో ఇప్పుడే చెప్పకు, వాళ్ళకి అర్థం కాదు" అన్న మాట వినపడితే మాత్రం టీ కూడా తాగకుండా లేచి వచ్చెయ్యండి.

గజపతినగరం వైపు నుంచి ఒకావిడ వచ్చారు. టైలరింగు చేస్తారు. సంచిలోంచి ఒక లాంగ్ నోట్‌బుక్కు తీసి నా టేబుల్ మీద పెట్టారు. చేరిన మొదటి రోజే పైవాళ్ళు ఆవిడ చేత పేర్ల లిస్టు రాయించారట. స్కేలు పెట్టి గీసిన నాలుగు గడులు: పేరు, ఊరు, ఏం చేస్తారు, ఏం అవసరం. ఆ నాలుగో గడి చదువుతుంటే నాకు నోట మాట రాలేదు. చిన్నాన్న కూతురు: పెళ్ళి బాకీ. అంగన్‌వాడీ టీచరు: ఇల్లు లెంటల్ దగ్గర ఆగిపోయింది. పాలాయన: కొడుకు ఇంజినీరింగ్ ఫీజు. మీ దగ్గరికి వచ్చినవాళ్ళు సరిగ్గా మీ ఇబ్బంది గురించే ఎలా మాట్లాడతారో ఇప్పుడు అర్థమైందా? మీ మనసు చదివి కాదు, నోట్‌బుక్కు చదివి. అన్నట్టు మూడో పేజీలో నేనూ ఉన్నాను. లాయరు గారు: బండి పాతది. నవ్వొచ్చింది కానీ, ఆవిడ ఏడుస్తుంటే ఎలా నవ్వుతాను?

ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కట్టారు. ఇంట్లో చెప్పలేదు. "నానేటి సెయ్యను బాబూ, ఇంకో ఇద్దర్ని ఎడితే నా డబ్బులు నాకొచ్చేత్తాయంతన్నారు" అన్నారు.

అక్కడే రెండో అపోహ ఉంది. మొదటిదానికి ఇది తోడబుట్టింది.

అపోహ: ఇద్దర్ని చేర్పిస్తే నా డబ్బు నాకొచ్చేస్తుంది, ఆ తర్వాత మానేస్తాను.

వాస్తవం: ముందు లెక్క చూడండి. పైన ఒకడు, ప్రతివాడూ ఇద్దర్ని తేవాలి. ఇరవై వరసలు దిగేసరికి మొత్తం 20,97,151 మంది కావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి విజయనగరం జిల్లా మొత్తం సుమారు 19 లక్షలే, చంటిపిల్లలతో సహా. అంతదాకా పోదులెండి, మధ్యలోనే ఆగుతుంది. ఎక్కడ ఆగినా సరే, ఆఖరి వరసలో ఉన్నవాళ్ళు పైనున్న అందరికంటే ఒకరు ఎక్కువే ఉంటారు. అంటే సగం మందికి పైగా ఒక్కర్ని కూడా చేర్పించలేక డబ్బు పోగొట్టుకుంటారు. దానిపై వరసవాళ్ళకి ఇద్దరేసి దొరికారు, అంతకు మించి వాళ్ళకీ ఏమీ లేదు. దీనికి ఎవరి బద్ధకమూ కారణం కాదు. "నువ్వు సరిగా కష్టపడలేదు" అని మీటింగులో తిడితే తలొంచుకోకండి.

ఇక చట్టం. ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల (మన గొలుసుకట్టు స్కీములు ఈ రెండో రకమే) నిషేధ చట్టం 1978లోనే వచ్చింది. దాని 3వ సెక్షన్ స్కీము నడిపేవాణ్ణి ఒక్కణ్ణే పట్టుకోదు. సభ్యుడిగా చేరడం, అందులో పాల్గొనడం, దాని కోసం డబ్బు తీసుకోవడం, పంపడం అన్నీ నేరమే. మూడేళ్ళ దాకా జైలు ఉంది. చెల్లెలి డబ్బు మీ ఫోన్‌పేలోకి వేయించుకుని పైకి పంపారనుకోండి, మీరు డబ్బు తీసుకున్నారు, పంపారు కూడా. పైగా మీ కిందవాళ్ళకి కంపెనీ ఎక్కడుందో తెలీదు. మీ పేరు తెలుసు, మీ ఇల్లు తెలుసు. స్టేషన్లో వాళ్ళు చెప్పేది మీ పేరే. బాధితులుగా నా దగ్గరికి వచ్చి, తర్వాత ముందస్తు బెయిలు కోసం మళ్ళీ వచ్చినవాళ్ళున్నారు. పోయిన డబ్బుకి ఏడవచ్చు. దానికోసం మరో ఇద్దర్ని దింపకండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను, రోజూ ఇవే చెప్పి విసుగొచ్చింది.

"కంపెనీకి రిజిస్ట్రేషన్ ఉంది, జీఎస్టీ నంబరు ఉంది, టీడీఎస్ (కమీషన్లోంచి ముందే పట్టుకునే పన్ను) కూడా కోస్తున్నారు." కొయ్యనీండి. ఆ పేరుతో ఒక కంపెనీ ఉందని, పన్ను ఖాతా ఉందని వాటి అర్థం. మీ స్కీముకి ప్రభుత్వం ఊఁ కొట్టిందని కాదు.

"సరుకు ఇస్తున్నారు కదా." సరుకు ఉన్నంత మాత్రాన సరిపోదు. కొట్టు లేకుండా మనుషుల ద్వారా సరుకు అమ్మే కంపెనీలకి డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ 2021లో వచ్చాయి. పిరమిడ్ స్కీము, అంటే ఈ గొలుసుకట్టే, నడపకూడదని అందులో ఉంది. ఇంకొకర్ని తెస్తే నీ సరుకు ధర నీకు తిరిగొస్తుందని ఆశ చూపి అమ్మకూడదని కూడా ఉంది. మీటింగులో చెప్పేది అచ్చం అదే.

"ఫలానావాడికి నెలనెలా పడుతోంది." పడుతుంది. మీరు కట్టిందే.

"చీటీలు కూడా ఇంతే కదా." కాదు. రిజిస్టరు చేసిన చీటీ 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నడుస్తుంది. అందులో సభ్యులు ఎంతమందో ముందే తెలుసు, గొలుసు పెరగదు. రిజిస్ట్రేషన్ లేని చీటీ సంగతి ఇంకోసారి.

"చదువుకున్నవాళ్ళు మోసపోరు." నా ఫైళ్ళలో మాస్టార్లు, నర్సులు, ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఉన్నారు. సిగ్గుపడి దాచుకోకండి, దాచినకొద్దీ ఆలస్యమవుతుంది.

బంధుత్వం చెడకుండా తప్పించుకోవడం ఎలా అని అడుగుతారు. నేనైతే ఒక్క ప్రశ్న వెయ్యమంటాను: "బావా, నేను ఎవర్నీ చేర్పించను. సరుకు కొని బయటివాళ్ళకి అమ్ముకుంటాను. నెలకెంత మిగుల్తుంది?" రూపాయల్లో సూటిగా జవాబు వస్తే అప్పుడు ఆలోచిద్దాం. "నీకింకా కాన్సెప్ట్ అర్థం కాలేదు" అన్నాడంటే మీకు బాగానే అర్థమైంది. డొంకతిరుగుడు వద్దు, "నేను కట్టను, నువ్వు మాత్రం రేపు భోజనానికి రా" అనండి. అతనికి రేపు మీ అవసరం ఉంటుంది.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు వాట్సాప్ గ్రూపులోంచి కోపంతో బయటికి రాకండి, చాట్ చెరిపెయ్యకండి. వాయిస్ మెసేజీలు, యూపీఐ రసీదులు, మీటింగు ఫొటోలు వేరే ఫోన్లోకి పంపుకోండి. ఆన్‌లైన్లో కట్టి కొద్ది గంటలే అయితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, తర్వాతే మిగతా పనులు. రాతపూర్వకంగా స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి రసీదు అడగండి. లాయరు ఫీజు ఇవ్వలేమని ఆగిపోకండి. జిల్లా కోర్టు దగ్గర న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోన్ నంబరు 15100.