నెమ్మదిగా కదిలే పాత సినిమా రైడ్లు: అపోహలు - వాస్తవాలు

థీమ్ పార్కుల్లో డార్క్ రైడ్లు నా వృత్తి. చీకటి హాల్లో బండి మెల్లగా సాగుతుంటే రెండు పక్కలా సీన్లు వచ్చిపోతుంటాయే, ఆ రైడ్లు. వాటిలోని యంత్రపు బొమ్మలూ దీపాలూ శబ్దాలూ వేళకు సరిగ్గా పలికేలా చూడటం మా పని. అన్నిట్లోకీ నాకు ప్రాణం, పాత సినిమాలను తలుచుకునే రైడ్లంటే. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 1989 మే 1న మొదలై 2017 ఆగస్టు 13న మూతపడిన ‘ది గ్రేట్ మూవీ రైడ్’ వాటిలో పెద్దది. నిజానికి ఆ పార్కు పుట్టిందే ఆ రైడ్ వల్ల. డిస్నీవాళ్లదే మరో పార్కు ఎప్‌కాట్‌లో ఒక పెవిలియన్‌గా, అంటే ఒక ప్రదర్శన మందిరంగా, కడదామనుకున్న ఆలోచన పెరిగి పెరిగి సినిమాల మీద ఒక పార్కే అయింది.

అది మూతపడి ఇన్నేళ్లయినా, ఆ తరహా రైడ్ల మాట వచ్చినప్పుడల్లా అవే విమర్శలు వింటుంటాను. బోరు, పాతచింతకాయ పచ్చడి, పిల్లలకు ఎక్కదు, అంత స్థలం దండగ. వీటికి జవాబు రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

అపోహ: వేగంగా నడిపే సత్తా లేకే నెమ్మదిగా నడుపుతారు.

వాస్తవం: బండిని పరుగెత్తించడం మాకు కష్టమేమీ కాదు. మనిషి నడకకన్నా తక్కువ వేగంతో నడిపి, అయినా చూసేవాడి కన్ను పక్కకు పోకుండా పట్టి ఉంచడం కష్టం.

కంటి సంగతే తీసుకోండి. ఎండలోంచి చీకట్లోకి వచ్చిన కన్ను ఓ మోస్తరుగా సర్దుకోవడానికి పది నిమిషాలదాకా పడుతుంది. మసక వెలుతురులో పనిచేసే కణాలు పూర్తిగా తేరుకోవాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. గ్రేట్ మూవీ రైడ్ దాదాపు 22 నిమిషాలు సాగేది. బండి ఎక్కకముందే మసకగా ఉన్న హాల్లో పాత సినిమాల ట్రైలర్లు చూస్తూ నిలబడేవారు. జనం దాన్ని క్యూ అనుకునేవారు. మా లెక్కలో అక్కడే కన్ను తయారయ్యేది. రెండు నిమిషాల రైడ్‌లో నీడల్లో దాచిన వివరం ఎవరికీ అందదు కాబట్టి అక్కడ అన్నీ కొట్టొచ్చేలా పెడతారు. తీరిక ఉన్న రైడ్‌లో నీడ కూడా పనిచేస్తుంది.

పైగా వేగం లోపాలను కప్పేస్తుంది. నెమ్మది దేన్నీ దాచదు. రెప్పపాటులో దాటిపోయే బొమ్మకు వేళ్లు సరిగా లేకపోయినా ఎవరూ గమనించరు. అదే బొమ్మ ముందు బండి అర నిమిషం ఆగితే బొటనవేలి గోరు కూడా లెక్కలోకి వస్తుంది. నేను పనిచేసిన ఒకచోట, రాత్రి వీధి సీన్‌లో ఒక పాత దీపం మాడిపోతే దాని స్థానంలో కాస్త ఎక్కువ వెలుగున్న ఎల్‌ఈడీ పెట్టారు. ఒకే ఒక్క దీపం. మర్నాడు చూస్తే దూరాన ఉండాల్సిన ఊరు అడుగు దూరంలో రంగులు పూసిన గోడ అయిపోయింది, బ్రష్ గీతలతో సహా. మళ్లీ వెలుగు తగ్గించి, ముందు పల్చటి ఫిల్టర్ వేసేదాకా నాకు నిద్ర పట్టలేదు.

దగ్గరి గోడను దూరపు ఊరిలా చూపించే ఈ కిటుకు సినిమా వాళ్లదే. పాత హాలీవుడ్ సినిమా ‘కాసాబ్లాంకా’ చివర్లో విమానాశ్రయం సీన్ ఉంది కదా. స్టూడియోలో పట్టేలా విమానాన్ని చిన్న సైజులో చేసి, దాని చుట్టూ పొట్టి మనుషులను మెకానిక్కులుగా నిలబెట్టి, పొగమంచు కమ్మించి తీశారు. దూరం ఉన్నట్టు కన్నును నమ్మించడమే దాని మర్మం. గ్రేట్ మూవీ రైడ్‌లోనూ ఆ సీన్ ఉండేది. సినిమావాళ్లు చేసిన భ్రమను మేము మళ్లీ గుండ్రంగా, అన్ని వైపులనుంచీ నమ్మేలా కట్టాలి. కెమెరాకు ఒకే కోణం. బండిలో కూర్చున్నవాళ్లకు ఎన్ని సీట్లుంటే అన్ని కోణాలు.

అపోహ: మెల్లగా నడిచే రైడ్ ఎక్కువమందిని ఎక్కించలేదు, అందుకే పార్కుకు నష్టం.

వాస్తవం: ఈ మాట లెక్క తెలిసినవాళ్ల నోట కూడా విన్నాను. గంటకు ఎంతమంది ఎక్కుతారన్నది బండి వేగాన్ని బట్టి తేలదు. ఎన్ని సెకన్లకు ఒక బండి బయల్దేరుతోంది, అందులో ఎన్ని సీట్లున్నాయి అన్నదాన్ని బట్టి తేలుతుంది. గొలుసులా ఆగకుండా సాగే బండ్లలో మూడు సెకన్లకు ఒకటి వదిలి, ఒక్కోదానిలో ఇద్దరిని కూర్చోబెడితే గంటకు 2,400 మంది. 24 సీట్ల రోలర్ కోస్టర్ రైలు 90 సెకన్లకు ఒకసారి బయల్దేరితే గంటకు 960 మంది. లోపల ఎన్ని నిమిషాలు తిప్పినా బయటి క్యూ కదిలే తీరు మారదు, లోపల బండ్లు ఎక్కువ కావాలంతే. పార్కులో మధ్యాహ్నం పూట జనాన్ని నిలకడగా మింగేవి ఈ మెల్లటి రైడ్లే.

అపోహ: ఆ సినిమాలు చూసినవాళ్లకే ఈ రైడ్లు. పిల్లలకు ఏం అర్థమవుతుంది?

వాస్తవం: ఈ ప్రశ్న న్యాయమైనదే, దీనికి తేలిక జవాబు లేదు. డిస్నీల్యాండ్ 1955లో తెరిచినప్పుడు స్నో వైట్ రైడ్‌లో స్నో వైట్ బొమ్మే లేదు. బండిలో కూర్చున్నవాళ్లే స్నో వైట్ అన్నది కట్టినవాళ్ల ఊహ. అడవి మిమ్మల్ని భయపెడుతుంది, మంత్రగత్తె ఆపిల్ మీకే చాపుతుంది. చాలామందికి ఆ సంగతి తట్టనేలేదు, స్నో వైట్ ఎక్కడ అని అడిగారు. 1983లో ఆ భాగాన్ని తిరిగి కట్టినప్పుడు ఆమె బొమ్మను చేర్చారు. సినిమా బాగా తెలిసినవాళ్లు కూడా రైడ్‌ను తప్పుగా చదవవచ్చని ఆ కథ చెబుతుంది. అంటే సినిమా తెలియడం ఒక్కటే చాలదు. తెలియకపోయినా దారి దొరికేలా కట్టవచ్చు.

గ్రేట్ మూవీ రైడ్‌లో ఆ దారి ఒక మనిషి. బండి ముందు నిజమైన గైడ్ కూర్చుని మాట్లాడుతుండేవారు. ఒకచోట గ్యాంగ్‌స్టరో, వెస్టర్న్ ఊరి బందిపోటో వచ్చి బండిని ఎత్తుకుపోయేవాడు. ఎవరొస్తారన్నది మీరు ఎక్కిన బండిని బట్టి. పాత గుడి సీన్‌లో రత్నం కోసం ఆశపడి వాడు చేయి చాపితే శాపం తగిలి మాయమయ్యేవాడు, గైడ్ తిరిగి వచ్చేవారు. ఒక్క సినిమా పేరూ తెలియని పిల్లవాడు కూడా ఈ కథను పట్టుకుని చివరిదాకా వెళ్లగలడు. మిగతా సీన్లన్నీ వాడి చుట్టూ దారిలో కనిపించే ఊళ్లలాంటివి.

దిగే చోట నిలబడి గమనించడం నాకు అలవాటు. కోస్టర్ దిగినవాళ్లు తమ గురించి మాట్లాడుకుంటారు, ఎవరు అరిచారు, ఎవరు కళ్లు మూసుకున్నారు అని. సినిమా రైడ్ దిగినవాళ్లు ఒకరినొకరు అడుగుతారు. వానలో దీపస్తంభం పట్టుకుని వేలాడిన ఆయన ఎవరు? ఆ పొగమంచులో ఆవిడ ఎందుకు వెళ్లిపోతోంది? అడిగేది చిన్నవాళ్లు, చెప్పేది తాతలో అమ్మమ్మలో. చాలా డార్క్ రైడ్లకు ఎత్తు నిబంధన ఉండదు కాబట్టి మూడు తరాలు ఒకే వరసలో కూర్చోగలవు. పార్కులో అది కుదిరే చోట్లు ఎన్నో లేవు.

అపోహ: ఇది మైనపు బొమ్మల మ్యూజియమే, బండి ఒక్కటే ఎక్కువ. ఆ సినిమా క్లిప్పులే తెర మీద వేస్తే పోదా?

వాస్తవం: తెర మీది మనిషి మిమ్మల్ని చూడడు. అదే రైడ్‌లో ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ సీన్‌లో పొగలోంచి పైకి లేచే పచ్చ మొహం మంత్రగత్తె ఉండేది. అప్పటికి కొత్త తరం యంత్రపు బొమ్మ అది. పాత బొమ్మలు చేయి విసిరితే చివర్లో ఒక్క కుదుపుతో ఆగేవి. ఈమె ఒంట్లో ఆ కుదుపును మింగేసే ఏర్పాటు ఉంది కాబట్టి వేగంగా తిరిగినా మెత్తగా ఆగగలదు. వేలు చూపించి బండిలో ఉన్న గైడ్‌నే నిలదీసేది. ఆ క్షణంలో బండి నిండా ఉన్న జనం గప్‌చుప్. క్లిప్పులంటారా, ఆ రైడ్ చివర్లో అవీ ఉండేవి. బొమ్మల మధ్య నుంచి వచ్చాక చూసే క్లిప్పు వేరు, సోఫాలో చూసేది వేరు.

అపోహ: సినిమానూ రైడ్‌నూ కలపడం ఈమధ్య వచ్చిన వ్యాపారం.

వాస్తవం: 1901లో అమెరికాలోని బఫెలో ఎగ్జిబిషన్‌లో ‘చంద్రుడి యాత్ర’ పేరుతో ఒక రైడ్ నడిచింది. ఫ్రెంచ్ దర్శకుడు మెలియెస్ తీసిన ప్రసిద్ధ చంద్రయానం సినిమా 1902లో వచ్చింది. 1905లో అమెరికాలోనే కాన్సాస్ సిటీ పార్కులో జార్జ్ హేల్ అనే ఆయన రైలు పెట్టెలాంటి గదిలో జనాన్ని కూర్చోబెట్టి, ఎదురుగా రైలు ముందు నుంచి తీసిన దృశ్యాలు వేశాడు. సినిమా పుట్టిన తొలినాళ్లలోనే రెంటికీ చుట్టరికం కలిసింది.

అపోహ: జనానికి నెమ్మది రైడ్లు వద్దు, అందుకే మూతపడుతున్నాయి.

వాస్తవం: గ్రేట్ మూవీ రైడ్ ఉన్న భవనంలోనే, హాలీవుడ్ చైనీస్ థియేటర్‌ను పోలిన ఆ ముఖద్వారం వెనకే, 2020 మార్చి 4న మిక్కీ, మిన్నీల రైడ్ వచ్చింది. అదేమీ కోస్టర్ కాదు. పట్టాలు లేని బండ్లలో సీన్ల మధ్య తిప్పే డార్క్ రైడే, దానికీ ఎత్తు నిబంధన లేదు. జనానికి నెమ్మది వద్దనుకుంటే ఆ భవనంలో మళ్లీ అదే జాతి రైడ్ ఎందుకు కడతారు? డిస్నీల్యాండ్‌లో పీటర్ పాన్ రైడ్ 1955 నుంచి నడుస్తోంది, ఇప్పటికీ దాని ముందు క్యూ తగ్గదు. యూనివర్సల్ ఫ్లోరిడా పార్కు 1990 జూన్ 7న తెరిచిన రోజున ఉన్న రైడ్లలో, ఈ.టీ. అనే గ్రహాంతరవాసి సినిమా మీద కట్టిన ఈ.టీ. రైడ్ ఇంకా నడుస్తోంది. పక్కన ఎన్నో పోయాయి, అది నిలిచింది.

ఇక నా అభిప్రాయం. చాలాచోట్ల రైడ్‌ను చంపేది నెమ్మదితనం కాదు, నిర్లక్ష్యం. యంత్రపు బొమ్మ రోజుకు వందలసార్లు అదే చేయి అదే తీరుగా ఎత్తాలి. కీళ్లు అరుగుతాయి, చర్మం పగులుతుంది, బ్లాక్ లైట్ (అల్ట్రావయొలెట్ దీపం) కింద మెరిసే రంగులు ఆ వెలుగుకే వెలిసిపోతాయి. నేను పనిచేసిన మరోచోట ముఖ్యమైన బొమ్మ ఒకటి నెలలతరబడి ఒక చేయి కదపకుండా నిలబడింది. విడిభాగాలకు డబ్బు అడిగితే వచ్చే ఏడాది చూద్దామన్నారు. ఆ ఏడాదంతా జనం కదలని చేతిని చూసి, ‘పాతబడిపోయింది’ అంటూ వెళ్లారు. తర్వాత ఆ మాటలనే సర్వేలో చూపించి రైడ్ మూసేద్దామన్నారు. కోపం కన్నా బాధ ఎక్కువ నాకు. ఆ చేతికి కావలసింది ఒక వాల్వూ, రెండు రాత్రుల పనీ.

మెల్లగా నడిచేవన్నీ గొప్పవని నేననను. కథ లేకుండా, గదికో సినిమా పేరు తగిలించి తిప్పేవి ఉన్నాయి. అవి నాకూ విసుగే.

అపోహ: రైడ్ పోతే పోయింది, సినిమా ఉందిగా.

వాస్తవం: సినిమా ఉందంటే దాన్ని ఎవరో దాచారు కాబట్టి ఉంది. అమెరికాలో మూకీ యుగపు పూర్తినిడివి చిత్రాల్లో దాదాపు 70 శాతం ఇక ఎక్కడా దొరకవని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో చెప్పింది. ఆ నష్టం చూశాకే మిగిలినవాటిని కాపాడాలన్న పట్టుదల పెరిగింది. కాపాడదగ్గ సినిమాలకు అమెరికా పెట్టుకున్న జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో తొలి 25 సినిమాలను చేర్చింది 1989లో. ‘కాసాబ్లాంకా’, ‘సింగిన్ ఇన్ ది రెయిన్’, ‘ది విజర్డ్ ఆఫ్ ఓజ్’ మూడూ ఆ మొదటి జాబితాలోనివే. గ్రేట్ మూవీ రైడ్ తలుపులు తెరిచిందీ అదే ఏడాది, ఆ మూడు సినిమాల సీన్లతోనే.

సినిమాకు నెగెటివ్ ఉంటుంది. రైడ్‌కు అలాంటిది లేదు. సీన్ తీసేసిన రోజున దాని వెలుతురు కొలతలు, బండి ఆగే క్షణాలు, ఏ మాటకు ఏ దీపం ఆరాలన్న వరస, అన్నీ చెదిరిపోతాయి. బొమ్మ మొహం ఎవరి దగ్గరో మిగలవచ్చు. ఆ మొహం ఎటు తిరిగినప్పుడు జనం ఊపిరి బిగబట్టేవారో రాసి పెట్టుకున్నవాళ్లు తక్కువ. సినిమా ప్రింట్‌కు ఇచ్చే గౌరవంలో కొంతైనా రైడ్ డ్రాయింగులకూ, ప్రోగ్రామ్ ఫైళ్లకూ ఇవ్వాలని పనిచేసిన ప్రతిచోటా అడిగాను. అడుగుతూనే ఉంటాను.

అపోహ: ఎవరో తీసిన వీడియో చూస్తే సరిపోతుంది.

వాస్తవం: మూతపడినవాటికి ఆ వీడియోలే దిక్కు. తీసి పెట్టినవాళ్లకు నేను రుణపడి ఉన్నాను. కానీ నడుస్తున్న రైడ్‌కు వెళ్లే అవకాశం ఉంటే వెళ్లండి. ఈ.టీ. రైడ్ క్యూలో అడవి చెట్ల వాసన వస్తుంది, అది ఏ వీడియోలోనూ రాదు. ఎక్కేముందు మీ పేరు అడిగి ఒక కార్డు ఇస్తారు. సైకిళ్ల మీద ఊరి దీపాల పైనుంచి తేలుతూ వెళ్లి చివరికి వచ్చేసరికి, ఈ.టీ. బొమ్మ వీడ్కోలు చెబుతూ పేర్లు పిలుస్తుంది. ఒక్కోసారి పలకడం కాస్త తేడాగా ఉంటుంది. అయినా మీ పక్కనున్న పిల్లవాడు తన పేరు విని మీ వైపు తిరుగుతాడు చూడండి, అప్పుడు బండి ఇంకొంచెం నెమ్మదిగా వెళ్తే బాగుండు అనిపిస్తుంది.