జిల్లేడు మిడత, గడ్డం తొండ

రథసప్తమి నాడు అరసవల్లిలో జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం చేస్తాం. మిగతా ఏడాదంతా ఆ మొక్కను పట్టించుకునేవాళ్ళుండరు. పోయిన వానాకాలంలో మా మేనల్లుడు మాత్రం రోడ్డు పక్క జిల్లేడు పొదల్లోంచి సీసా నిండా మిడతలు పట్టుకొచ్చాడు. పసుపు, నీలం చారలతో ఒక్కొక్కటీ రంగులేసిన బొమ్మలా ఉంది. "మావయ్యా, ఈరోజు దీనికి పండగే" అన్నాడు. దీనికి అంటే, వాళ్ళింట్లో గాజుపెట్టెలో ఉంటున్న బియర్డెడ్ డ్రాగన్‌కి. మూత తీసేలోగా సీసా లాక్కున్నాను. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పేరులో డ్రాగన్ ఉన్నా ఇది మన కంచె మీద కూచుని తల ఊపే తొండకి దాయాదే. రెండూ అగామిడే కుటుంబానివే. దీని సొంతూరు ఆస్ట్రేలియా నడిమి ఎండునేలలు. బెదిరితే గొంతు కింద ముళ్ళ చర్మం ఉబ్బించి నల్లగా చేసుకుంటుంది, అదే దాని గడ్డం. వేడి కోసం పగలంతా దానికో బల్బు వెలగాలి. పక్కింటి పెద్దాయన అది చూసి "తొండకి కరెంటు బిల్లు కడుతున్నారేటి బాబూ!" అని ఇప్పటికీ నవ్వుతుంటాడు.

పిల్లగా ఉన్నప్పుడు దీని తిండిలో ఎక్కువ భాగం పురుగులే, అవీ రోజూ కావాలి. పెద్దయ్యాక ఆకుకూరలు ఎక్కువ, పురుగులు వారానికి కొన్నిసార్లు. ఇక్కడే అందరికీ ఒక ఆలోచన వస్తుంది. వానాకాలం శ్రీకాకుళంలో పురుగులకేం కరువు? వరి గట్టున నడిస్తే కాళ్ళకింద మిడతలు చిట్లుతాయి, ట్యూబులైటు వేస్తే ఉసుళ్ళు. డబ్బు పెట్టి మేత కీచురాళ్ళు కొనడం దేనికి?

పొలంలో మందు కొట్టిన పూట పురుగులన్నీ అక్కడికక్కడే చావవు. కొన్ని సగం ప్రాణంతో, ఎగరలేక, గట్టు మీద తూలుతూ ఉంటాయి. పట్టడానికి సులువుగా దొరికేవి అవే. అంటే చేతికి అందిన మిడతే అన్నిటికన్నా అనుమానించాల్సిన మిడత. పలాస జీడితోటల్లోనైనా, వరి చేలల్లోనైనా లెక్క ఇదే. వంటింటి బొద్దింకదీ అదే కథ. గోడ వారన చాక్‌పీసుతో గీసిన మందుగీత దాటి వచ్చిందో లేదో దాని మొహం చూసి చెప్పలేం. మందు లేకపోయినా బయటి పురుగులు పరాన్నజీవులను మోసుకురావచ్చు.

జిల్లేడు మిడత సంగతి ఇంకోరకం. దానికి మందు అక్కర్లేదు, తిన్న తిండే దాని విషం. జిల్లేడు పాలలో కార్డినోలైడ్లనే పదార్థాలుంటాయి. గుండె కణాల్లో సోడియంను బయటికి తోసి పొటాషియంను లోపలికి లాగే ఒక పంపు ఉంటుంది. కార్డినోలైడ్లు ఆ పంపునే పట్టి ఆపేస్తాయి. సోడియం లోపలే పేరుకుంటుంది, దాని వెంట కాల్షియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. ఈ మిడత ఆ విషాన్ని అరిగించుకుని వదిలెయ్యదు, ఒంట్లో దాచుకుంటుంది. ఆ రంగులు అందం కోసం కాదు, "నన్ను తింటే నీకే నష్టం" అని పక్షులకు పెట్టిన బోర్డు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన తొండకి మన జిల్లేడు బోర్డు చదవడం ఎలా వస్తుంది?

మిణుగురు పురుగుదీ ఇంచుమించు ఇదే తంత్రం. దాని విషాల పేరు లూసిబుఫాజిన్లు. పేరులో బుఫో ఉంది, అంటే గోదురు కప్ప. కప్ప చర్మంలోని విషానికి దగ్గరి చుట్టాలు కనుక ఆ పేరు పెట్టారు. అవీ ఆ పంపునే పడతాయి. అమెరికాలో పెంపుడు బియర్డెడ్ డ్రాగన్లు మిణుగురులు తిని చనిపోయిన సంగతులను అక్కడి శాస్త్రవేత్తలు 1999లో ప్రచురించారు. తిన్న కాసేపటికే నోరు బార్లా తెరిచి, ఊపిరాడక, చర్మం నల్లబడి చచ్చిపోయాయి. ఒక్క పురుగు చాలు. ఆ మిణుగురులు వేరు, మనవి వేరు అనుకోవచ్చు. అలా అనుకుని పరీక్షించి చూడటానికి మాత్రం మన దగ్గరున్నది ఒక్క డ్రాగనే.

ఇంతవరకూ పురుగు లోపలి చెడు. లోపల ఉండాల్సిన మంచి కూడా చాలా పురుగుల్లో ఉండదు. పురుగుకి ఎముకలు లేవు, కైటిన్ అనే గట్టి పదార్థపు పెంకే దాని ఒళ్ళు. అందుకే కీచురాయిలో కాల్షియం కన్నా ఫాస్ఫరస్ చాలా రెట్లు ఎక్కువ. డ్రాగన్‌కి కావాల్సింది తిరగబడిన లెక్క: ఫాస్ఫరస్ 1 పాలు ఉంటే కాల్షియం 2 పాళ్ళకు దగ్గరగా ఉండాలి. లోటు పడితే శరీరం ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. దవడ మెత్తబడుతుంది, కాళ్ళు వంకర తిరుగుతాయి, వణుకు వస్తుంది. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వాలు ఒక్కటే ఇందుకు మినహాయింపు అనిపిస్తాయి, వాటిలో కాల్షియం బాగానే ఉంటుంది.

కాబట్టి కీచురాళ్ళను తెచ్చిన వెంటనే పెట్టకూడదు. ఒకటి రెండు రోజులు క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప, మునగాకు మేపి, పెట్టేముందు కాల్షియం కార్బొనేట్ పొడిలో దొర్లించాలి. కవర్లో వేసి ఊపితే చాలు, అప్పడాల పిండి అద్దినట్టు అంటుకుంటుంది. మా అక్క "కాల్షియమే కదా, కిళ్ళీ సున్నం రాస్తే పోలా" అంది. వద్దు! అది కాల్షియం హైడ్రాక్సైడ్, నోరు కాలుతుంది. పాలకూర, తోటకూర కూడా తగ్గించాలి, వాటిలోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్నీ కట్టిపడేస్తాయి.

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే డి3 విటమిన్ కావాలి, దానికి ఎండలో ఉండే యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు కావాలి. సూర్యనారాయణ స్వామి ఊళ్ళో ఉండి ఎండకి కొదవా అనకండి. కిటికీ అద్దం యూవీబీని దాదాపు అంతా ఆపేస్తుంది. అందుకే ప్రత్యేకమైన దీపం పెడతారు. అది వెలుగుతూనే ఉన్నా కొన్ని నెలలకి అందులో యూవీబీ తగ్గిపోతుంది.

ఇక పెట్టే పద్ధతి. పురుగు డ్రాగన్ రెండు కళ్ళ మధ్య దూరం కన్నా పెద్దదిగా ఉండకూడదు. పావుగంటలో తినగా మిగిలినవి ఏరేయాలి. లేకపోతే రాత్రి ఆకలేసిన కీచురాళ్ళు నిద్రపోతున్న డ్రాగన్ వేళ్ళూ కనురెప్పలూ కొరుకుతాయి. సాయంత్రం దీపం ఆర్పడానికి కనీసం రెండు గంటల ముందే తిండి అయిపోవాలి, ఎందుకంటే దాని అరుగుదల బయటి వేడి మీద నడుస్తుంది. సంక్రాంతి చలిలో కరెంటు పోయిన పూట మేపకపోవడమే మేలు. చల్లబడిన పొట్టలో పురుగు అరగదు, కుళ్ళుతుంది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగం తెచ్చే బాక్టీరియా ఉండొచ్చు.

మేనల్లుడు ఇప్పుడు ప్లాస్టిక్ టబ్బులో కోడిగుడ్ల ట్రేలు పేర్చి కీచురాళ్ళు పెంచుతున్నాడు. నీళ్ళ గిన్నె పెడితే మునిగి చస్తాయని తడి క్యారెట్ ముక్కలే వేస్తాడు. కూసేవి మగవి మాత్రమే గానీ, రాత్రంతా ఇల్లు హోరెత్తిస్తున్నాయని మా అక్క గొడవ. మేత కోసం పెంచే డూబియా రకం బొద్దింకలైతే నోరెత్తవు, నున్నటి గోడ ఎక్కలేవు, తిండిగానూ మంచివి. కానీ ఇంట్లో బొద్దింకలు పెంచుదామని ఆవిడకి చెప్పే ధైర్యం వాడికీ లేదు, నాకూ లేదు.