పై 'స' కాదు, పై 'ప'

ఒంగోలులో తొమ్మిదో తరగతి చదివే మా అన్న కూతురు ఈ ఏడాది స్కూల్ బ్యాండులో చేరి క్లారినెట్ పట్టింది. పట్టుదల ఉన్న పిల్ల. కింది స్వరాలు నిండుగా పలికిస్తుంది. కాస్త పైకి వెళ్లేసరికి మాత్రం కీచుమంటుంది. "బాబాయ్, ఎంత గట్టిగా ఊదినా అక్కడికొచ్చి ఆగిపోతున్నా" అంది. చిక్కంతా ఆ గట్టిగా ఊదడంలోనే ఉంది.

ఒంగోలు పక్కనే ఉన్న కరవది నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా ఊరు. ఆయనకు 1977లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఊదిన నాదస్వరం పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. వేళ్లు కదపకుండా ఊపిరి ఒత్తిడి పెంచితే 'స' కాస్తా పై 'స' అవుతుంది. అంటే కంపనాలు రెండింతలు. క్లారినెట్ అలా కాదు. చివర గంటలా విచ్చుకునే భాగాన్ని వదిలేస్తే లోపలి బోలు దాదాపు అంతటా ఒకే వెడల్పు. రీడు, అంటే ఊదితే అదిరే సన్నని రెల్లు బద్ద, ఉన్న కొన మూసేసినట్టే లెక్క. అలాంటి గొట్టంలో గాలి ఒకటి, మూడు, ఐదు అంటూ బేసి రెట్లలోనే సులువుగా ఊగుతుంది. రెండింతలకు అందులో చోటు లేదు. అందుకే 'స' ఎగిరి పై 'ప' మీద వాలుతుంది, కంపనాలు మూడింతలై.

ఆ ఎగరడానికి సాయం చేసేది వెనకాల ఎడమ బొటనవేలి దగ్గరున్న రిజిస్టర్ కీ. అది మౌత్‌పీస్ వైపు ఒక చిన్న రంధ్రం తెరిచి కింది స్వరాన్ని నిలవనీయకుండా చేస్తుంది. 1700 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో డెన్నర్ అనే వాద్యాల తయారీదారుడు క్లారినెట్‌కు రూపమిచ్చాడని చెబుతారు.

కాబట్టి మా పిల్లకు చెప్పిన సాధన ఇంతే. కింది స్వరం ఒకటి పట్టి నిలకడగా ఊదాలి. పెదవీ ఊపిరీ మార్చకుండా బొటనవేలితో కీ మాత్రం నొక్కాలి. స్వరం దానంతటదే పైకి దూకాలి. దూకకపోతే రీడును పళ్లతో బిగిస్తోందన్నమాట, లేదా ఏదో రంధ్రం సరిగ్గా మూతపడలేదన్నమాట. అసలు ఇబ్బంది రిజిస్టర్ మారే చోట, అంటే కింది స్వరాల వరస అయిపోయి పై వరస మొదలయ్యే చోట. చేతులు దాదాపు ఖాళీగా ఉన్న స్వరం నుంచి ఒక్కసారిగా అన్ని రంధ్రాలూ మూయాలి. అనుభవం ఉన్నవాళ్లు కుడిచేతి వేళ్లను ముందుగానే మూసి ఉంచుతారు. స్వరం పెద్దగా మారదు, మూయాల్సిన పని సగం తగ్గుతుంది.

ఇక మన ఎండలు. 20 డిగ్రీల్లో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లయితే 40 డిగ్రీల్లో 355 దాకా పోతుంది. శ్రుతి పైకి జారుతుంది. అప్పుడు పెదవిని తంటాలు పెట్టడం కంటే మౌత్‌పీస్ కింద ఉండే పొట్టి గొట్టం ముక్కను, అంటే బ్యారెల్‌ను, ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగడం మేలు. రీడు ఒక జాతి రెల్లుతో చేసింది, త్వరగా ఎండి వంకర పోతుంది. మూడు నాలుగు పెట్టుకుని మార్చి మార్చి వాడాలి.

నిన్న ఫోన్లో వినిపించింది. పదిసార్లలో ఏడుసార్లు దూకింది. మిగతా మూడింటికీ కారణం కుడిచేతి ఉంగరపు వేలేనని తనే కనిపెట్టింది.